పన్నెండు సీసాలు, రెండు పడవలు

ఆ గురువారం ఉదయం గ్రంథపాలకుడి ప్రణాళిక చాలా సరళమైనది. పది గంటలకు ఇంటికొకరు చొప్పున పన్నెండు మంది మగవాళ్లు గ్రంథాలయానికి రావాలి. ఒక్కొక్కరు ఒక్కో చిన్న సీసాలో కొంచెం ఉమ్మి ఇవ్వాలి. మధ్యాహ్నం పడవలో ఆ సీసాలు అవతలి ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. ద్వీపంలో మొదట స్థిరపడినవారు ఎక్కడి నుంచి వచ్చారో, తండ్రి నుంచి కొడుక్కి దిగివచ్చే జన్యువుల గుర్తులను బట్టి చెప్పగలమని అక్కడి పరిశోధకురాలు రాసింది. సీసాల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో తెలిపే పట్టిక గ్రంథపాలకుడి బల్ల సొరుగులో ఉంటుంది.

ఈ పనిని ఆయన నెత్తిన వేసుకోవడానికి కారణం శాస్త్రాభిమానం ఒక్కటే కాదు. రెండు వందల ఏళ్ల క్రితం ఆ ద్వీపానికి రెండు పడవలు మూడు నెలల తేడాతో వచ్చాయని అందరి నమ్మకం. అందుకని ఇప్పటికీ ఏ పడవ రేవుకు చేరినా మొదటి పడవ సంతతి ముందు దిగుతుంది. రెండో పడవ సంతతి ఆగి దిగుతుంది. ఆయనది రెండో పడవ. మామగారిది మొదటిది. దీపస్తంభంలో ఉద్యోగం చేసి రిటైరైన ఆ పెద్దమనిషి ఇరవై రెండేళ్లుగా అల్లుడి పక్కనే కూర్చుని ప్రయాణం చేసి, రేవు రాగానే లేచి, "మీరు నిదానంగా రండి అల్లుడుగారూ," అని దిగిపోయేవాడు. భార్య కూడా తండ్రితో దిగి, ఒడ్డున గొడుగు పట్టుకుని భర్త కోసం ఎదురుచూసేది. రెండు పడవలూ ఒకే తీరం నుంచి వచ్చాయని తేలితే, ఒక్కసారైనా మామగారి వెనక కాక పక్కన దిగాలని గ్రంథపాలకుడి కోరిక. అంతకు మించి జీవితాన్ని ఆయన ఏమీ అడగలేదు.

ఉమ్మి ఇచ్చే ముందు అరగంట పాటు ఏమీ తినకూడదు, తాగకూడదు అని సూచనల కాగితంలో ఉంది. ఏ పనిలోనైనా కాస్త ఎడం ఉంచుకోవడం అలవాటు కనుక ఆయన ఆ అరగంటను మూడు గంటలు చేశాడు. ఒకరి ఎదుట ఒకరు ఉమ్మడం బాగుండదని పాత పత్రికల బీరువా వెనక చాటు ఏర్పాటు చేశాడు. ఆ చాటున అప్పటికే రొట్టెల దుకాణం అక్క కూర్చుని ఉంది, పని అయ్యాక అందరికీ పంచడానికి ఆయనే తెప్పించిన వేడి రొట్టెల గంపతో. ఆమె వ్యాపారం కోసం అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. ఇరుగుపొరుగు ఏది అడిగినా లేదనడం ఆమెకు తెలియదు.

"అక్కా, నాలుక పిడచకట్టుకుపోయింది. చుక్క రావడం లేదు," అన్నాడు మొదట వెళ్లిన వలలల్లే ఆయన.

"దానికింత బాధ దేనికి, ఇటివ్వు," అంది అక్క.

తరువాతివాళ్లకు అంత వివరణ కూడా అవసరం కాలేదు. మామగారైతే అసలు అడగనే లేదు. సీసాను గంప పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగి, గాలి మారిందని చెబుతూ నిలబడ్డాడు. ఇటు తిరిగేసరికి సీసా నిండి ఉంది. చివరగా గ్రంథపాలకుడు వెళ్లి, పావుగంట శ్రమించి, తన సీసాను తానే నింపుకున్నాడు.

పది రోజులకు గ్రంథపాలకుడి ఇంటికి పరిశోధకురాలి ఫోను వచ్చింది. భార్య తీసింది.

"పదకొండు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయండీ. ఏడో నంబరు ఒక్కటే వేరు. నాకెందుకో..." అంటుండగా లైను పోయింది.

ఆమె విన్నది విన్నట్టుగా పుట్టింట్లో చెప్పింది. మామగారు రేవులో చెప్పాడు. సాయంత్రానికి ఆ ఏడో నంబరు ఎవరో తేల్చమని ద్వీపం సగం గ్రంథాలయం ముందు నిలబడింది. గ్రంథపాలకుడు సొరుగు తీసి పట్టిక చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. అబద్ధమాడడంలో తగిన అనుభవం లేకపోవడంతో, "నేనే," అన్నాడు.

"ఇన్నేళ్లు కాపురం చేశాను, ఒక్క మాటైనా చెప్పలేదేమండీ," అంది భార్య.

"నాకూ ఇప్పుడేగా తెలిసింది."

"పోనీలే అమ్మా," అన్నాడు మామగారు ఉదారంగా. "ఎక్కడివాడైతేనేం, మనిషి మంచివాడు."

మర్నాటి నుంచి రెండు పడవల సంతతీ, ఇప్పుడంతా ఒకటే కనుక, కలిసికట్టుగా ముందు దిగసాగింది. గ్రంథపాలకుడి వంతు సరుకుల తరువాతికి మారింది. మూడో రోజు తన పిండి బస్తాలు దింపించుకుంటున్న అక్కకు, తొమ్మిదో బస్తా వెనక పుస్తకం పట్టుకుని ఓపికగా నిలబడ్డ ఆయన కనిపించాడు.

"అయ్యో పాపం, ఈయనొక్కడేగా తన సీసా తాను నింపుకున్నది," అంది రేవంతా వినేలా. "మిగతా పదకొండూ నావి."

మర్నాడు వచ్చిన ఉత్తరం ఆ సంగతినే శాస్త్ర భాషలో ధ్రువీకరించింది. పదకొండు నమూనాలూ ఒకే వ్యక్తివని, ఆ వ్యక్తి స్త్రీ అని, ద్వీపానికి మూలపురుషుడైన ఆ స్త్రీని చూడాలని కుతూహలంగా ఉందని పరిశోధకురాలు రాసింది.

అన్నట్టే ఆమె స్వయంగా వచ్చి, అందరికీ నీళ్లు తాగించి, సరిగ్గా అరగంట ఆగి, ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి సీసాలు నింపించింది. ఆ పూట రొట్టెల దుకాణం మూయించారు.

రెండు నెలలకు అసలు ఫలితం అందింది. మొదటి పడవవారి మూలాలు ఉత్తర తీరంలో, రెండో పడవవారివి తూర్పున ఒక నది ముఖద్వారంలో. రెండు నమూనాలు మాత్రం తారుమారు: ఏడో నంబరు మొదటి పడవకు చెందుతుంది, నాలుగో నంబరు రెండో పడవకు. గ్రంథపాలకుడు పట్టిక తీశాడు. ఏడు తనది. నాలుగు మామగారిది. నాలుగు ఎవరిదో మరెవరికీ తెలియదు; కావాలంటే సొరుగు మూసెయ్యవచ్చు. రెండు రోజులు ఆలోచించి, అవతలి ఒడ్డు నుంచి తిరిగివస్తూ పడవలోనే ఉత్తరమూ పట్టికా మామగారి చేతికిచ్చాడు.

"పొరపాటు కాదుగా?" అన్నాడు మామగారు, రెండుసార్లు చదివి.

"ఈసారి ఆవిడే ఎదురుగా కూర్చుంది కదండీ."

"అయితే మొదటి పడవ మీదేనన్నమాట. మేం మీ తరువాత వచ్చాం."

"మూడు నెలలేనండీ," అన్నాడు గ్రంథపాలకుడు, గొంతులో వినయం సడలకుండా జాగ్రత్తపడుతూ.

పడవ రేవుకు తగిలింది. ఆయన లేచాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఎదుట ఎవరి వీపూ లేదు. మామగారు చేతికర్రతో మృదువుగా అడ్డుపెట్టాడు.

"ముందొచ్చినవాళ్లు ఇంటివాళ్లు. తరువాత వచ్చినవాళ్లు అతిథులు. అతిథుల్ని వెనక నిలబెట్టి ఇంటివాళ్లు ముందు దిగడం ఎక్కడైనా ఉందా అల్లుడుగారూ? ఇంత గొప్ప వంశంలో పుట్టారు, ఆ మాత్రం మర్యాద మీకు నేను చెప్పాలా?"

ఎంత వెతికినా ఆ వాదంలో లోపం కనిపించలేదు. మామగారు దిగాడు, ఆయన వెంట కూతురు దిగి ఒడ్డున గొడుగు విప్పింది. గ్రంథపాలకుడు ఆ సాయంత్రం కూడా చివరగానే దిగాడు. కాకపోతే ఈసారి దానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది.