బస్సు అవసరంపై బహిరంగ విచారణ

ఆ ఉదయం ఆ ఇంట్లో ఉన్నవారి వివరం ఇది. శాసనసభ రవాణా ఖర్చుల ఉపసంఘం చైర్మన్‌గారు, సభ్యులు ఆరుగురు, కార్యదర్శి, లెక్కల అధికారి, అందరూ మాట్లాడింది రాసుకునే ఆయన, ఆయన రాసింది సరిచూసే ఆయన, మంచినీళ్ల సీసాలు మోసే అతను. వీరంతా సర్దుకున్నాక మిగిలిన చోటులో ఆ ఇంటివాళ్లు ముగ్గురు: మంచం మీద నాయనమ్మ, వంటగది గడపలో అమ్మ, బీరువా పక్కన గోడకు అతుక్కుపోయి తొమ్మిదో తరగతి చదివే పిట్ట. గొంతు మరీ చిన్నదని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరది. నాన్న పనికి వెళ్లాడు. వెళ్లకపోయినా ఆయనకు కుర్చీ లేదు.

విచారించవలసిన విషయం చిన్నదే. ఊరి పిల్లలను పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న హైస్కూలుకు చేర్చే బస్సు వచ్చే బడ్జెట్లో ఉండాలా, అక్కర్లేదా? ఇలాంటివి ఎక్కడో గదిలో కూర్చుని తేల్చే రోజులు పోయాయి. ఇప్పుడు లబ్ధిదారు ఇంటికే వెళ్లి, లబ్ధిదారు నోటితోనే విని, అప్పుడు తలుపులు వేసుకుని తేలుస్తారు. బస్సెక్కే ఇరవై ఆరుగురు పిల్లల్లోంచి పిట్టను ఎంపిక చేయడంలో ఉపసంఘం కఠినమైన ప్రమాణాలు పాటించింది. ఊరు మొత్తం మీద బస్సు వెనక్కి తిప్పుకునే చోటు ఆమె ఇంటి ముందే ఉంది.

అవును, వారు వచ్చింది ఆ బస్సులోనే. బస్సు అవసరమా అని ఊరూరా తిరిగి అధ్యయనం చేయడానికి ఉపసంఘానికి ఒక బస్సు అవసరమైంది. కొత్తది కొంటే ప్రజాధనం వృథా అని, మూడు వారాల కిందట ఈ బస్సునే తీసుకున్నారు. ఇంత పొదుపు ఎవరు చేస్తారని పత్రికలు కూడా మెచ్చుకున్నాయి.

ఈ మూడు వారాల్లో పిట్ట బడికి రెండుసార్లు నడిచి వెళ్లింది. రెండుసార్లూ చేరేసరికి సగం పూట అయిపోయింది, కాళ్లు బొబ్బలెక్కాయి. నిన్న హెడ్మిస్ట్రెస్ దగ్గరనుంచి చీటీ వచ్చింది. ఇంకొక్క రోజు తప్పితే హాజరు చాలదు, వార్షిక పరీక్ష రాయనివ్వరు. సాక్షిగా ఉదయం ఇంట్లోనే ఉండాలని ఉపసంఘం ఉత్తర్వు ఉంది కాబట్టి, మధ్యాహ్నం ఒకటిన్నర హాజరుకైనా చేరితే ఈ రోజు గట్టెక్కుతుంది. అందుకే ఆమె యూనిఫాంలోనే ఉంది. సంచీ భుజానికే ఉంది. చెప్పవలసిన ముక్కను తెల్లవారుజాము నుంచి అద్దం ముందు వల్లె వేసుకుంది: "సార్, ఆ బస్సు లేకపోతే నేను బడికి వెళ్లలేను."

చైర్మన్‌గారు లేచారు. "మేం ఇక్కడికి మాట్లాడడానికి రాలేదు, వినడానికి వచ్చాం" అని మొదలుపెట్టి, వినడం ఎంత గొప్ప గుణమో నలభై నిమిషాలు వివరించారు.

తర్వాత లెక్కల అధికారి నివేదిక చదివారు. గత మూడు వారాల్లో బస్సెక్కిన విద్యార్థుల సంఖ్య సున్నా.

సభ్యులు నివ్వెరపోయారు. "ఒక్కరు కూడా ఎక్కలేదా?" అన్నారు బొద్దుగా ఉన్న సభ్యుడు.

"ఒక్కరు కూడా లేరండీ. అన్ని రోజులూ నేనే స్వయంగా బస్సులో ఉండి లెక్కపెట్టాను."

"చూశారా! ఈ కాలం పిల్లలకు చదువంటే బొత్తిగా లక్ష్యం లేదు."

"అలాగని బస్సు ఖాళీగా కూడా లేదండీ," అన్నారు అధికారి. "రోజూ పన్నెండు మంది ఉన్నారు. ఎక్కువమంది యాభై దాటినవాళ్లే. మధ్యాహ్నం బాగా నిద్రపోతున్నారు."

పెద్దవాళ్లలో పెరుగుతున్న ఈ ప్రయాణాసక్తిని ప్రత్యేకంగా పరిశీలించాలని ఒక సభ్యుడు సూచించగా, మిగతావారు బల్ల చరచబోయి, బల్ల లేనందున మోకాళ్లు చరిచారు.

నాయనమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "బస్సు మీ కింద పెట్టుకుని పిల్లలెక్కలేదంటారేంటి నాయనా?"

"పెద్దమ్మగారూ, మీరు సాక్షి కారు," అన్నాడు కార్యదర్శి మర్యాదగా. "సాక్షి ఎవరో వాళ్లే మాట్లాడాలి. చెప్పమ్మా."

పన్నెండు జతల కళ్లు బీరువా వైపు తిరిగాయి. పిట్టకు నోరు పెగలలేదు. అద్దం ముందు అంత చక్కగా వచ్చిన ముక్క గొంతులోనే ఎక్కడో నక్కి కూర్చుంది. తల మాత్రం అడ్డంగా ఊపింది.

"తల ఊపితే రాయడం కుదరదండీ," అన్నాడు రాసుకునే ఆయన.

అరనిమిషం ఎదురుచూసి, ఇలా రాశాడు: "ప్రస్తుత ఏర్పాట్ల పట్ల సాక్షి మాటలకందని సంతృప్తి వ్యక్తం చేసింది." సరిచూసే ఆయన సరిచూసి, "సంతృప్తి" ముందు "పూర్తి" చేర్చాడు.

అమ్మ గడపలోంచి కళ్లెర్రజేసింది. "చెప్పవే! పొద్దున్నుంచీ అద్దంతో చెప్పావుగా!"

పిట్ట కళ్లు గట్టిగా మూసుకుంది. "సార్, ఆ బస్సులో మీరే తిరుగుతున్నారు..."

కార్యదర్శి కలం జారింది. చైర్మన్‌గారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"విన్నారా! పసిపిల్ల కూడా గమనించింది! ప్రజాప్రతినిధులు కార్లు వదిలి ప్రజల బస్సులో తిరుగుతున్నారన్న మాట ఈ తల్లి నోట రావడం మన అదృష్టం!"

చప్పట్లు మోగాయి. వాటి కింద "...అందుకే నేను బడికి వెళ్లలేకపోతున్నాను" అన్న మిగతా సగం వినబడలేదు. రాసుకునే ఆయన రెండు చేతులతో చప్పట్లు కొడుతున్నందున అది రాయబడనూ లేదు.

ఇక నిర్ణయం. అది రహస్యంగా జరగాలి కాబట్టి ఇంటివాళ్లను ఇంట్లోంచి వెళ్లమన్నారు. అమ్మ, పిట్ట వీధిలోకి వచ్చారు. నాయనమ్మ కదల్లేదు.

"నా మోకాళ్లు పనిచేసుంటే మీరు రాకముందే లేచి పోయేదాన్ని బాబూ."

కార్యదర్శి నిబంధనల పుస్తకం తిరగేశాడు. బయటికి పంపవలసింది వ్యక్తులను. సామాను గురించి ఏమీ లేదు. "మంచం ఒకటి, దానిమీది సామానుతో సహా" అని రాయించి తలుపు వేయించాడు.

పిట్ట పక్క సందులోని కిటికీ దగ్గరికి చేరింది. "నాయనమ్మా, ఏమంటున్నారు?"

"బస్సు గురించేలే. కిటికీ పక్క సీటు ఎవరిదని కొట్టుకుంటున్నారు."

"పిల్లల మాట రాలేదా?"

"ఒకసారి వచ్చిందే. మీలో ఎవరో సీటుకి నమిలిన బంక అంటించారట, బొద్దాయన ప్యాంటుకి పట్టుకుందట."

పన్నెండు ముప్పావుకు తలుపు తెరుచుకుంది. చుట్టుపక్కల జనమంతా వచ్చేశారు. చైర్మన్‌గారు మెట్టు మీద నిలబడి నిర్ణయం చదివారు. ఒక్క విద్యార్థి కూడా ఎక్కని బస్సుకు బడ్జెట్లో చోటు లేదు. అలా ఆదా అయిన బస్సును ఉపసంఘానికే శాశ్వతంగా అప్పగించడమైనది. పిల్లలు బడికి ఎందుకు రావడం లేదో ఉపసంఘం ఆ బస్సులో ఊరూరా తిరిగి తెలుసుకుంటుంది.

జనం చప్పట్లు కొట్టారు. ఇంతమంది పెద్దలు తమ వీధిలో నిలబడడం వాళ్లు ఎన్నడూ చూడలేదు. కొట్టినవారిలో మిగతా పాతికమంది పిల్లల తల్లిదండ్రులందరూ ఉన్నారు. తర్వాత వాళ్లు బస్సు బురదలో దిగబడకుండా దారిచ్చి, వెనకనుంచి ఒక తోపు కూడా తోశారు.

పిట్ట పరుగెత్తింది. అప్పటికి ఒంటిగంట కావస్తోంది. నడిస్తే మూడు గంటల దారి, బస్సుకు అరగంట.

"డ్రైవరన్నా, బడి దగ్గర దింపవా? దారిలోనేగా!"

మూడేళ్లుగా ఆమెను రోజూ ఎక్కించుకున్న డ్రైవరు బ్రేకు తొక్కాడు. "ఎక్కు తల్లీ, వెనకంతా ఖాళీనే."

కార్యదర్శి మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కితే ఎలాగమ్మా? నివేదికలో సున్నా అని రాసి అందరూ సంతకాలు పెట్టేశారు. నువ్వెక్కితే ఒకటవుతుంది."

"ఈ ఒక్కరోజే సార్. ఇవాళ వెళ్లకపోతే పరీక్ష రాయనివ్వరు." ఈసారి ఆమె గొంతు చాలా పెద్దగానే వచ్చింది. బస్సంతా వినబడింది.

చైర్మన్‌గారు కిటికీలోంచి ఆప్యాయంగా చెయ్యి చాచి ఆమె తల నిమిరారు. "బాగా చదువుకోవాలి తల్లీ. ఆడపిల్లలు చదువుకుంటేనే దేశం బాగుపడేది."

కార్యదర్శి తలుపు వేశాడు.