తడి సిరాపై హన్మండ్లు దండయాత్ర

ధర్నాధ్వానప్రతిధ్వనితదిగంతరమై, రాస్తారోకోనిరుద్ధసకలశకటసంచారమై వెలిగిన తెలంగాణ ఉద్యమకాలమందు, రెండువేల పదో సంవత్సర ఆషాఢమాసాన, తుంపర ఎడతెగని సిరిసిల్ల సీమలో, వినండి సభాసదులారా, ఉపఎన్నిక వచ్చింది! మీటల యంత్రాన్ని నమ్మని ఉద్యమవీరులు అందులో పట్టనంతమందిని పోటీకి దింపగా, యంత్రం చేతులెత్తేసి, దుప్పటంత కాగితపు బ్యాలెట్ మళ్లీ రాజ్యానికొచ్చింది.

ఊరంతా సంబరపడింది. తాటివనవిహారి, మోకుముత్తాదుధారి, గీతకార్మికకులతిలకుడు హన్మండ్లు మాత్రం గజగజ వణికాడు. వణకడా మరి! నాలుగేళ్ల కిందటి పంచాయతీ ఎన్నికల్లో ఆ మహావీరుడు సిరా ఆరకముందే కాగితం మడిస్తే, ముద్ర రెండో గుర్తుకూ అంటి ఓటు చెల్లకుండా పోయింది. తీరా ఓట్లు సమానమై, చీటీ తీస్తే పోటీకి నిలబడ్డ బావమరిది నారాయణ ఓడాడు. ఆ మరక సంగతి ఇంటికొచ్చి భార్య లస్మవ్వకు చెప్పడం పాపం అతని రెండో తప్పు.

“గీపాలి సుత కరాబు చేసినవనుకో, నాతోని మాట్లాడకు!” అని ఆ వీరపత్ని పోలింగునాడు పొద్దున్నే హెచ్చరించింది.

బడి గదిలో, అట్ట చాటున, హన్మండ్లు ముద్రాప్రహారం చేశాడు. అంతట ఘోరసంగ్రామం మొదలైంది. తేమగాలికి సిరా ఆరదు! కల్లు మీది నురుగు ఊది ఊది ఆరితేరిన ఆ పవనసుతనామధేయుడు బుగ్గలు పూరించి ఊదాడు, మళ్లీ ఊదాడు, కళ్లు తిరిగేదాకా ఊదాడు.

“జల్ది కానియ్యి బావా! లైనంత నవ్వుతున్నరు,” అని వరుసలో వెనకే నిలబడ్డ నారాయణ అరిచాడు.

సింహగర్జన వినిపించింది. “లైను సిరిసిల్ల దాక పోనియ్యిరా! వాన పడనీ, పిడుగు పడనీ! గీ సిరా ఆరేదాక నేను మలువ. ఆరకముందే మలిస్తినని నాలుగేండ్లసంది మీ అక్క నన్ను మనిషిలెక్క సూస్తలేదు!”

ఆరింది. మడిచాడు. పెట్టెలో వేశాడు.

ఫలితాలనాడు ఉద్యమ అభ్యర్థి గెలిచాడని డప్పులు మోగాయి. లెక్కింపు చూసొచ్చిన ఏజెంటు కిష్టయ్యను అందరూ మెజారిటీ అడిగారు. హన్మండ్లు ఒక్కడే, “మన ఊరి పెట్టెల చెల్లనియి ఎన్ని?” అన్నాడు.

“ఒక్కటే. రెండు గుర్తుల మీద మరక.”

లస్మవ్వ చూపు మొగుడి మీద పడింది. అయిపోయింది అనుకున్నాడు పాపం.

“నాదే అక్కా,” అన్నాడు నారాయణ నేల చూస్తూ. “బావను జూసి నవ్విన్రని, సిగ్గయి జల్ది మలిచిన.”

లస్మవ్వ లోపలికెళ్లి కల్లు ముంత తెచ్చి, తమ్ముణ్ణి దాటి, ముందు మొగుడి చేతికిచ్చింది.

ఇట్లు విజయుడై, భూలోకమంతా తెలుసుకొనుగాక, హన్మండ్లు ఆ నురుగును మెల్లగా, చాలా మెల్లగా ఊదాడు.