కుక్కపిల్లకు బుద్ధి నేర్పి బాగుపడ్డవాడు లేడు

కుక్కపిల్లకు ఇల్లు పాడు చేయకూడదని నేర్పేవాళ్లు తమ ఇంటికి తామే శత్రువులు! ఈ మాట ఆవేశంలో అనడం లేదు. చేతులు కాలాక, ఆకుల బదులు కలం పట్టుకుని రాస్తున్నాను.

మా మచ్చగాడు ఇంటికొచ్చేటప్పటికి రెండు నెలల పిల్ల. ఒంటి మీద ఒకటే మచ్చ, బుర్రలో ఒక్క మర్యాదా లేదు. చెప్పులు నమిలేవాడు. ప్యాంటు అంచులు పీకేవాడు. తినేవాళ్ల పళ్లెంలో మూతి పెట్టేవాడు. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ తడిపేవాడు. మీరైతే ఏం చేస్తారు? వీడియోలు చూస్తారు, ట్రైనర్‌ని పిలుస్తారు. కానీ ఎవరి చెప్పులు, ఎవరి ప్యాంటు, ఎవరి పళ్లెం అని ఒక్కరైనా అడిగారా?

సలహాల బాబాయివి.

ఈయన మా నాన్న చిన్ననాటి స్నేహితుడి తమ్ముడు. రెండు రోజుల పనుందని వచ్చారు. ఆ పనేమిటో మాకు తెలియదు, ఆయన మరిచిపోయారు. ఇది ఐదో నెల. ఈలోగా మా ఆవిడకు కూరలో ఉప్పు వేయడం, మా అమ్మాయికి లెక్కలు చేయడం, నాకు వ్యంగ్యం రాయడం ఆయనే నేర్పారు. ఫ్యాను గాలి బాగుందని మా గదిలోకి మారారు. మా ఆవిడ అమ్మాయి గదిలోకి, నేను వంటింట్లో ఫ్రిజ్ పక్కకి చేరాం. ఫ్రిజ్ కూడా గురక పెడుతుందని ఈ వయసులో తెలిసింది.

వెళ్లమని చెప్పొచ్చుగా అంటారా? ఎలా చెబుతామండీ! మొహమాటం ఉన్నవాళ్లం. ఒకసారి తెగించి, "బాబాయ్, మీ ఇంట్లోవాళ్లు మీ కోసం ఎదురుచూస్తుంటారేమో" అన్నాను.

"ఉత్త అమాయకుడివిరా నువ్వు. నేను లేకపోతేనే వాళ్లకి హాయి" అన్నారాయన.

అలాంటి సమయంలో వచ్చాడు మచ్చగాడు. మేం మూడు నెలలుగా మింగుతున్న మాటను మొదటి ఉదయమే బాబాయి ఎడమ చెప్పులో పోశాడు. మర్నాడు కుడి చెప్పు. ఆ మర్నాడు ఆయన సూట్‌కేసు పట్టీ నోట కరుచుకుని గుమ్మం దాకా ఈడ్చుకెళ్లాడు. ఇంతకన్నా సూటిగా మనిషన్నవాడు చెప్పగలడా? మా ఆవిడ పైకి "ఛీ, తప్పురా" అంటూనే చాటుగా వాడికి పాలు పోసేది.

నెల తిరిగేసరికి మందు పనిచేసింది. ఆదివారం వెళ్తానని బాబాయి తనంతట తానే అన్నారు. పెట్టె సర్దారు. మా అమ్మాయి బస్సు టైములు చూసి పెట్టింది. తీరా గుమ్మం దగ్గర ఆయన ఆగి, మచ్చగాడి వంక జాలిగా చూశారు.

"దీన్నిలా వదిలేసి వెళ్తే నాకు నిద్ర పట్టదురా. కుక్క దారికొచ్చాకే నా ప్రయాణం."

పెట్టె మళ్లీ మా గదిలోకి వెళ్లింది.

ఇక చూడండి మా పాట్లు! నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. మచ్చగాడు నిద్ర లేచినా, నాలుగు మెతుకులు తిన్నా, ఎత్తుకుని బాల్కనీలో పరిచిన పేపరు దగ్గరికి పరుగే పరుగు. వాడు పని కానిస్తే ముగ్గురం చప్పట్లు. ఓ రోజు వాడికి ఎంతకీ అర్థం కాకపోతే నేనే పేపరు మీద చతికిలబడి చూపించాను. అభినయం వరకే లెండి. ఎదురింటి డాక్టరుగారు అది చూసి, మా ఆవిడని పక్కకు పిలిచి, "ఆయన సెలవులో ఉన్నది ఇందుకేనా అమ్మా?" అని మెల్లగా అడిగారట. చెప్పు నమలబోతే రబ్బరు ఎముక ఇచ్చాం. పళ్లెం వైపు వస్తే మొహం తిప్పుకున్నాం. మీదికి దూకితే పలకరించలేదు.

మూడు వారాల్లో మచ్చగాడు మర్యాదస్తుడయ్యాడు! చెప్పులు కనిపిస్తే పక్కకు తప్పుకుంటాడు. సూట్‌కేసు వైపు కన్నెత్తి చూడడు. బాబాయి సోఫాలో కూర్చుంటే ఆయన కాళ్ల దగ్గర తోక ఊపుతూ కూర్చుంటాడు, అచ్చం మాలాగే.

నిన్న ఉదయం బాబాయి ఇల్లంతా కలియతిరిగారు. చెప్పులు వాసన చూసి తృప్తిగా తల పంకించారు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"ఇన్నాళ్లూ ఈ కుక్క గోల పడలేకే వెళ్దామనుకున్నాన్రా. ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇంకొన్నాళ్లుంటే మీకేం ఇబ్బంది లేదుగా?"

నిజం చెబుతున్నాను, ఇబ్బందేనని చెప్పడానికే నోరు తెరిచాను. "అయ్యో, అదేం మాట బాబాయ్, మీ ఇల్లే అనుకోండి" అని వచ్చింది. మా నాన్న నాకు ఐదో ఏట ఇచ్చిన శిక్షణ అది. ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. ఇంకా ఏ బుద్ధీ నేర్పని కుక్కపిల్ల మీ ఇంట్లో ఉంటే, ఓ వారం రోజులు మాకు పంపండి. జాతి ఏదైనా ఫర్వాలేదు. అడ్రసు కోసం మాత్రం ఇంటికి ఫోన్ చేయకండి. ఫోన్ బాబాయే తీస్తారు.