నిశ్శబ్దప్రియుల సెలూన్

సొంత అభిరుచి ఉన్నవాడంత అభాగ్యుడు లోకంలో ఇంకొకడు ఉండడు! ఈ మాట తొందరపడి అనడం లేదు. కుర్చీలో కూర్చుని బాగా ఆలోచించే అంటున్నాను. ఆ కుర్చీ కూడా మా బావగారు సిఫారసు చేసిందే.

బావగారంటే మా అక్క భర్త. ఎక్కడ ఏది బాగుంటుందో ఆయనకి తెలుసు. తెలిసి ఊరుకునే మనిషి కాదు. ఫోన్‌లో ‘మనలాంటివాళ్లు’ అని ఒక గ్రూపు పెట్టి, పొద్దున లేస్తే ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. మనలాంటివాళ్లంటే ఎవరు? ఆయన చెప్పింది నచ్చినవాళ్లు. మరి నచ్చకపోతే? ఇన్నాళ్లూ మనలో ఒకడిలా నటిస్తున్న మోసగాడన్నమాట!

ఈ ఏర్పాటు వల్ల ఎంత మేలో చూడండి. ఆయన చెప్పిన దిండు కొన్నాను. మెడ పట్టేసింది. “పట్టేసిందా? అయితే పనిచేస్తోందన్నమాట!” అని సంతోషించి, మెడకి ఒక డాక్టర్ని కూడా ఆయనే చెప్పారు. వెళ్లి చూద్దును కదా, వెయిటింగ్ హాల్లో గ్రూపంతా కూర్చుని ఉంది. తలలన్నీ ఎడమవైపుకే తిరిగి ఉన్నాయి! సొంత తెలివితో దిండ్లు కొనుక్కునేవాళ్లకి ఇంత ఐకమత్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

తర్వాత పళ్ల డాక్టర్ని చెప్పారు. “క్లినిక్‌లో వెలుతురు అద్భుతంగా ఉంటుందోయ్” అన్నారు. నాకు పంటి నొప్పి లేదు. కానీ “వెళ్లావా? ఎలా ఉంది?” అని కనిపించినప్పుడల్లా అడుగుతుంటే ఎన్నాళ్లని తప్పించుకు తిరుగుతాం? వెళ్లి ఒక పన్ను పీకించుకున్నాను. వెలుతురు బాగానే ఉంది.

ఇక సెలూన్ సంగతి.

సందు చివర నాకొక సెలూన్ ఉండేది. ఒకే కుర్చీ, ఒకే అద్దం. అక్కడి బార్బర్ మాట్లాడడు. పొట్టిగా కావాలా, పొడుగ్గా ఉంచాలా అని కూడా అడగడు. అద్దంలో నా మొహం ఒకసారి చూసి, తల ఊపి, కత్తెర తీస్తాడు. ఆఫీసులో నా ఉద్యోగం ఫోన్‌లో జనం ఫిర్యాదులు వినడం. ఇంటికొస్తే ఇంట్లోవాళ్ల ఫిర్యాదులు. ఆ కుర్చీలో ఉన్నంతసేపు మాత్రం నన్నెవరూ ఏమీ అడగరు. కత్తెర చప్పుడు వింటూ కళ్లు మూసుకుంటే ప్రాణం లేచొచ్చేది. జుట్టు ఎప్పుడు పెరుగుతుందా అని ఆశగా ఎదురుచూసేవాణ్ని.

ఒకరోజు నేను ఆ కుర్చీలో ఉండగా బావగారు గాజు తలుపులోంచి చూశారు. లోపలికి వచ్చి, బల్ల మీద కూర్చుని, అంతా శ్రద్ధగా గమనించారు. బయటికి రాగానే నా భుజం చరిచారు.

“ఏమోయ్ బావమరిదీ! ఇంత మంచి చోటు పెట్టుకుని ఒక్కడివే అనుభవిస్తున్నావా? మనలాంటివాళ్లకి చెప్పొద్దూ?”

“వద్దు బావగారూ, మీకు దణ్నం పెడతాను.”

“నీకు మొహమాటం ఎక్కువ. నేను చెబుతాలే!”

మళ్లీ వెళ్లేసరికి క్యూ సందు మొదలుదాకా ఉంది. అందరూ నిశ్శబ్దప్రియులే! నిశ్శబ్దం ఎంత గొప్పదో ఒకరికొకరు గొంతు చించుకుని చెప్పుకుంటున్నారు. ఒకాయన మౌనం మీద ఉపన్యాసం అందుకున్నాడు. ఇంకొకాయన ఫోన్‌తో వీడియో తీస్తూ, “మీరెందుకు మాట్లాడరో రెండు ముక్కల్లో చెప్పండి సార్!” అని బార్బర్‌ని బతిమాలుతున్నాడు.

ఆ బార్బరేమో, “తోసుకోకండి సార్! నిశ్శబ్దం కావలసినవాళ్లు ఇటు, ఉత్త గడ్డమైతే అటు!” అని కేకలు పెడుతున్నాడు. ఎట్టకేలకి నా వంతు వచ్చింది. “మా సంగతి వీళ్లకి చెప్పిందెవరు సార్? దొరికితే గుండు గీసేస్తాను!” అని మొదలుపెట్టి, వాళ్ల మామగారి మోకాలి నొప్పి దాకా వెళ్లాడు. మాటలు అలవాటయ్యాక ఆయనకి ఆపడం చేతకావడం లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కళ్లలో వెంట్రుకలు పడ్డాయనుకుని ఆయన తుడిచాడు.

ఆ తర్వాత నేను అటు వెళ్లలేదు. జుట్టు భుజాల మీదికి వచ్చింది. “పెంచుతున్నావా? భలే ఉందోయ్, గ్రూపులో పెడతాను!” అన్నారు బావగారు.

ఇన్ని మేళ్లు పొంది, పాఠకులకి నేనేమీ చెప్పకపోతే కృతఘ్నుణ్నవుతాను. కాబట్టి ప్రశాంతత కోరుకునే మనలాంటివాళ్ల కోసం ఇదిగో నా మొట్టమొదటి సిఫారసు.

నీళ్ల ట్యాంకు వెనక వీధిలో నీలం గేటు ఇల్లు. మేడ మీద గది. కిటికీలోంచి చల్లటి గాలి. ఆదివారం భోజనాలయ్యాక ఆ ఇంటాయన అక్కడ ఒంటరిగా కునుకు తీస్తారు. ఆ కునుకు చెడితే వారమంతా ఆయన మనిషి కాడని మా అక్క చెబుతూ ఉంటుంది. గది మాత్రం చూసి తీరాలి. కుటుంబాలతో వెళ్లండి, స్నేహితులకీ చెప్పండి. ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటారు, తలుపు కాస్త గట్టిగా బాదాలి.