హంతకుడు తేనెటీగలు పెంచుతున్నాడు

నా నవలలో హంతకుడు నూట పన్నెండో పేజీ చివర కత్తి పళ్ల మధ్య కరచుకుని కిటికీలోంచి గదిలోకి దూకి, నూట పదమూడో పేజీ మొదట్లో తేనెటీగలు పెంచుకుంటున్నాడని జనవరి మొదటి ఆదివారం నాడు కనిపెట్టాను.

కత్తి ఏమైంది? తెలియదు. ఆ గదిలో మంచం మీద నిద్రపోతున్న లాయరుగారి కోడలు ఏమైంది? అదీ తెలియదు. "పెట్టెను తూర్పు ముఖముగా ఉంచవలెను. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు అమర్చవలెను" అని మాత్రం ఉంది.

ముప్పయ్యేళ్లుగా వారపత్రికల్లో వారానికి ఒకరి చొప్పున చంపుతున్నవాణ్ణి. అంత తొందరగా బెదిరే రకం కాదు. అయినా చెమట పట్టింది. జనవరిలో, ఢిల్లీలో!

తరవాత నింపాదిగా ఆలోచించాను. పాఠకులారా, ఇది ప్రమాదం కాదు, వరం. దేశంలో ఉన్న ప్రతి గ్రంథాలయంలోనూ ప్రతి నవలనీ సగానికి కోసి, దాని వెనక సంబంధం లేని ఇంకో పుస్తకం పెట్టి కుట్టెయ్యాలి. ఇందుకు చట్టం చేసినా తప్పులేదు. ఎందుకో చెబుతాను.

మా ఆర్.కె. పురం మిత్రమండలి గ్రంథాలయం ఒకే ఒక్క గది. అందులో పుస్తకాలేవీ కొన్నవి కావు. ఢిల్లీ తెలుగువాళ్లకి ఓ ఆచారం ఉంది. కంటోన్మెంటులో హవల్దారుకి జోధ్‌పూర్ పోస్టింగు వచ్చినా, ఆసుపత్రిలో నర్సమ్మకి ఇంకో ఊళ్లో ఉద్యోగం దొరికినా, సామాను లారీకి ఎక్కించే ముందు ఇంట్లో పుస్తకాలన్నీ గోనెసంచిలో వేసి మాకు ఇచ్చిపోతారు. రుబ్బురోలు వదులుకోరు. విరిగిన కుర్చీ వదులుకోరు. పుస్తకాలు మాత్రం ఎంతో ఉదారంగా వదులుకుంటారు!

అందుకే మా గదిలో నవలల పక్కన బావుల తవ్వకం, కుట్టుమిషను మరమ్మతు, గోదావరి కాలువల చరిత్ర, పళ్ల జబ్బులు, తేనెటీగల పెంపకం ఉంటాయి. ఒకదానికొకటి చుట్టరికం లేని పుస్తకాలు. మొత్తం రెండువందల అరవై.

వీటిని ఎవరైనా తీసుకెళ్లేవారా? పాపం శమించుగాక! ఆఫీసులో ఫైళ్లు చదివి వచ్చిన మనిషి బావులెలా తవ్వాలో చదువుతాడా? జనం వచ్చేది శవాల కోసం. కేబుల్లో తెలుగు చానలు వచ్చాక శవాలు కూడా కొంచెం నెమ్మదించాయనుకోండి, అది వేరే సంగతి.

ఇలా ఉండగా మండలి కార్యదర్శి పాపయ్యగారు ఓ తీర్మానం చేయించారు. ఆయన ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. తీర్మానం లేకుండా తుమ్మరు. ఏడాదిలో ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకాన్ని పాత కాగితాలు కొనే కబాడీవాడికి ఇచ్చెయ్యాలని, అలా ఖాళీ అయిన గోడకి పెద్ద కలర్ టీవీ పెట్టాలని దాని సారాంశం.

"గురువుగారూ, గ్రంథాలయానికి జనం రావాలంటే టీవీ ఒక్కటే మార్గమండీ" అని నాతో అన్నారు. ఎంత చక్కటి మాట! ఈత కొలనుకి జనం రావాలంటే నీళ్లు తీసేసి క్యారమ్ బోర్డు పెట్టమన్నట్టు లేదూ?

తీర్మానం అయి రెండేళ్లు కావస్తోంది. నిరుడు ఏడాది నిండలేదని తనిఖీ వాయిదా పడింది. ఈ జనవరి రెండో ఆదివారమే ముహూర్తం. ఆ రోజుతో రెండువందల అరవై పుస్తకాల ఆయుష్షు తీరినట్టేనని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. నా నవలలు మాత్రం క్షేమమని, అవి ఎంత నలిగాయో ఓసారి కళ్లారా చూసుకుందామని వెళ్లాను. అక్కడ తేనెటీగలు కనిపించాయి.

అట్ట లోపల అతికించిన చీటీ మీద మిగతా పేర్ల మధ్య ఒకే పేరు మూడుసార్లు ఉంది. సరళకుమారి. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, నర్సాపురం అమ్మాయి. అదృష్టవశాత్తూ ఆ సాక్షి అప్పుడు గదిలోనే ఉంది.

"ఏమ్మా, మూడుసార్లు తీసుకున్నావు. ఈ పుస్తకంలో సగం లేదని తోచలేదా?" అని నిలదీశాను.

"తోచకపోవడమేంటి అంకుల్! రాణీగ చచ్చిపోతే మిగతావి కొత్త రాణిని ఎలా తయారుచేసుకుంటాయో చెబుతూ చెబుతూ ఆగిపోయిందండి. చివర్న పదిపేజీలు చెదలు తినేసినట్టున్నాయి. ప్రాణం ఉసూరుమందనుకోండి."

"అది కాదమ్మా. కత్తి పట్టుకుని కిటికీ దూకినవాడు..."

"ఆ, వాడా!" అంది సరళకుమారి, కాస్త గుర్తు తెచ్చుకుని. "పొడిచేసే ఉంటాడు లెండి. అంత కష్టపడి దూకాక ఇంకేం చేస్తాడు?"

ఆ ఒక్క ప్రశ్నని పాఠకుల్లో పుట్టించడానికి నేను ఏడు వారాలు కష్టపడ్డాను!

"మా హాస్టలు డాబా మీద ఓ పెట్టె పెట్టానండి. అంతా తూర్పు ముఖంగానే" అని ఆవిడ గొంతు తగ్గించింది. "వార్డెన్ దీదీకి చెప్పకండేం."

అక్కడితో ఆగలేదు. బీరువాలో నా నవలలు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదీ తీసి చూశాను. ఎనిమిదీ సగంలో మతం మార్చుకున్నాయి.

కంటోన్మెంటులో నాగేంద్రమ్మ అని హవల్దారుగారి భార్య. ఆవిడ తీసుకెళ్లిన నవలలో శవాన్ని ట్రంకుపెట్టెలో కుక్కి తాళం వేసిన చోట కథ తెగింది. తరవాతి పేజీలో కుట్టుమిషను బాబిను విప్పే పద్ధతి ఉంది. ఆవిడ ట్రంకుపెట్టెని అక్కడే వదిలేసి బాబిను విప్పింది. ఇవాళ ఆ లైనులో ఎవరి మిషను మొరాయించినా నాగేంద్రమ్మే దిక్కు. శవం సంగతి ఆవిడ ఎవర్నీ అడిగినట్టు దాఖలాలు లేవు.

బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్సుకి చదివిన అజయ్ సంగతి చూడండి. బుర్ర తేలికపడుతుందని నా దెయ్యాల నవల పట్టుకెళ్లాడు. దెయ్యం రేవులో మెట్టు మెట్టూ దిగి నీళ్లలోకి వెళ్లింది. ఆ నీళ్లు నేరుగా గోదావరి కాలువల చరిత్రలోకి పారాయి. ఇంటర్వ్యూలో కాలువల మీద ప్రశ్న పడితే పావుగంట ఆగకుండా చెప్పాడట. ఇదంతా ఎక్కడ చదివావని అడిగితే "దెయ్యాల నవలలో సార్" అన్నాడట. ఇప్పుడు ఎక్కడో ట్రైనింగులో ఉన్నాడు.

ఇక మునిర్కాలో ఉండే రిటైర్డు హెడ్‌క్లర్కు ధర్మయ్యగారు. ఆయనకి అసలు అతుకే తెలియలేదు! "మెడ మీద పళ్ల గాట్లు పడిన దగ్గర్నించి చిగుళ్ల వాపు దాకా కథ ఎక్కడా సడలలేదు" అని అప్పట్లో నాకు కార్డు రాశారు. నేను చిగుళ్ల వాపు గురించి ఎప్పుడు రాశానా అని ఓ పూటంతా తల గోక్కున్నాను. ఆయన మాత్రం మర్నాడే వెళ్లి పళ్లు చూపించుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. ఏ ప్రభుత్వం, ఏ విశ్వవిద్యాలయం, ఏ పుస్తక ప్రదర్శన ఇంత విజ్ఞానాన్ని జనం నెత్తిన రుద్దగలిగింది? "రకరకాల పుస్తకాలు చదవండి" అని వేదికలెక్కి చెబితే ఎవరైనా విన్నారా? ఒక్క దారం, ఒక్క సూది, కాస్త మైదాపిండి జిగురు. అంతే!

అయినా నేరం నేరమే. నేరస్థుణ్ణి పట్టుకోవడం నా వృత్తి. మర్నాడు బేర్ సరాయ్ వెళ్లి, కుర్రాళ్ల నోట్సులకి బైండింగు చేసే రామ్‌అవతార్ ముందు నా నవల పడేశాను. మా పుస్తకాలు కుట్టేది ఇతనే.

"భయ్యా, ఇది నీ పనేనా?"

"సాబ్, ముఝే తెలుగూ ఆతీ హై క్యా?" అన్నాడతను, సూదిలో దారం ఎక్కిస్తూనే. "ఫౌజీ సాబ్‌నే పర్చీ దీ. ఊపర్ యే, నీచే వో. మైనే సీ దియా."

పైన ఏది, కింద ఏది అని ఫౌజీ సాబ్ చీటీ రాసిస్తే అలాగే కుట్టేశానని తాత్పర్యం. ఆ చీటీ మేకుకి గుచ్చి ఇంకా అక్కడే ఉంది. ముత్యాల్లాంటి హిందీ అక్షరాలు. ఏ నవలకి ఎన్నో పేజీ తరవాత ఏది కలిపి కుట్టాలో వరసగా ఉంది. ప్రతిదీ ఊపిరి బిగబట్టే చోటే! ఎక్కడ తెంపాలో తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఈయనకి పుట్టుకతోనే తెలిసినట్టుంది.

ఫౌజీ సాబ్ అంటే మా గ్రంథాలయం చూసే భీమేశ్వరరావుగారు. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. జీతం లేదు. తాళంచెవి ఉంది.

నా దగ్గర ఆధారం ఉంది. సాక్షి ఉంది. పాపయ్యగారి ముందు ఆ నవల విప్పి చూపిస్తే చాలు. అట్టలన్నీ ఊడదీస్తారు, నావి నాకు అతికిస్తారు, మిగతా రెండువందల అరవై సాయంత్రానికి కబాడీ బండెక్కుతాయి. న్యాయం జరుగుతుంది. చంకలో నవలతో రెండో ఆదివారం ఠంచనుగా వెళ్లాను.

కబాడీవాడు అప్పటికే గుమ్మంలో బండి ఆపుకుని గోనెసంచులు విప్పుతున్నాడు. పాపయ్యగారు కళ్లజోడు సర్దుకుని ఇష్యూ రిజిస్టరు తెరిచారు. మొదటి పేజీ తిప్పారు. రెండో పేజీ తిప్పారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తేనెటీగలు ఏడుసార్లు. కాలువలు పదకొండు. బావుల తవ్వకం పందొమ్మిది సార్లా! ఏమండీ భీమేశ్వరరావుగారూ, ఆర్.కె. పురంలో బావులు తవ్వుతున్నారా ఏమిటి?"

"కుళాయి రావట్లేదు కదా సార్" అన్నారు భీమేశ్వరరావుగారు, అటెన్షన్‌లో నిలబడి.

నవల బయటికెళ్లిన ప్రతిసారీ దాని కడుపులో ఉన్నదాని నంబరు కూడా రాస్తున్నారాయన. ఒక అట్ట, రెండు నంబర్లు. ఎవరి నవలలు దొరికితే వాళ్లవి కోశారు. రెండేళ్లలో రెండువందల అరవైలో ఒక్కటి కూడా తప్పిపోలేదు.

పాపయ్యగారు నా వైపు తిరిగారు. "గురువుగారూ, మీరు అబద్ధం చెప్పరు. జనం ఇవన్నీ నిజంగా చదువుతున్నారంటారా?"

నవల చంకలో ఉంది. నూట పన్నెండో పేజీ దగ్గర నా వేలు ఉంది. ఆ వేలు తీస్తే చాలు.

"చదువుతున్నారండీ" అన్నాను. "వాటినే చదువుతున్నారు."

పాఠకులారా, నా ముప్పయ్యేళ్ల రచనలో ఇంత నిఖార్సయిన నిజం ఇంకోటి లేదు. కబాడీవాడు ఖాళీ సంచులు దులుపుకుని వెళ్లిపోయాడు. టీవీ ఎక్కడ పెట్టాలో ఇంకో తీర్మానంలో తేలుద్దామని పాపయ్యగారూ వెళ్లిపోయారు.

గదిలో ఇద్దరం మిగిలాం. నవల బల్ల మీద పెట్టాను. ఒక్కటే అడిగాను: "నా రెండో సగాలు ఎక్కడ?"

భీమేశ్వరరావుగారు బీరువా తలుపు వేసి, తాళం బిగించి, ఇటు తిరిగారు.

"కోసింది నేనే సార్. కొత్త బ్లేడుతో, అక్షరానికి దెబ్బ తగలకుండా కోశాను. నేను పనిచేసింది కంచరగాడిదల కంపెనీలో సార్. అవి వాటంతట అవి కొండెక్కవు. ముందు మెడలో గంట కట్టిన ఆడగుర్రాన్ని నడిపిస్తే, దాని వెనక వరసగా ఎక్కేస్తాయి. మీ నవలలు గంట గుర్రాలు సార్, తప్పుగా అనుకోకండి. ఇక రెండో సగాలంటారా, వాటికీ అన్యాయం చెయ్యలేదు. ఎనిమిదీ విడిగా బైండు చేయించి, 'రెండో భాగం' అని నా చేత్తో రాసి, తలుపు తియ్యగానే కనిపించేలా పెట్టాను. జనం పరిగెత్తుకొస్తారు, క్యూ కట్టించాల్సొస్తుందేమో అనుకున్నాను. ఏడాదిపాటు చూశాను సార్. ఒక్కళ్లూ అడగలేదు. నేనూ తీసుకెళ్లలేదు, బావుల పుస్తకం మధ్యలో ఉన్నాను. ఆ పుస్తకాలకి ఒక రూలు, మీ పుస్తకాలకి ఇంకో రూలు అంటే బాగుండదు కదా సార్. కిందటి ఏప్రిల్లో నా చేతుల్తోనే తీసుకెళ్లి కబాడీ బండిలో పెట్టాను."