ముందు మీరు పడండి, మామయ్యా

ఆ ఉదయం సియామక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు హాజీ యదొల్లాను షూటింగుకు తీసుకెళ్ళాలి. ఆయన కళ్ళ ముందే మన సైనికుడి వేషం వేయాలి. సాయంత్రం ఆయన్ని ఇంటికి తెచ్చి, భార్య సుదాబే చేతి చేపల పులుసు తినిపించాలి.

హాజీ కూతురింట్లో మెతుకు ముట్టి మూడేళ్ళయింది. అహ్వాజ్ ఊరి చుట్టుపక్కల, ఇరాకీలతో ఎనిమిదేళ్ళు సాగిన యుద్ధం మీద సినిమా ఎవరు తీసినా గుంపులో వేషానికి సియామక్‌ను పిలుస్తారు. ఆ దట్టమైన మీసం వల్లనో ఏమో, ప్రతిసారీ అతనికి ఇరాకీ యూనిఫారమే దక్కేది. ఏటా యుద్ధ స్మారక వారంలో చుట్టాలంతా టీవీ ముందు చేరితే, అల్లుడు రోజుకో సినిమాలో శత్రువుగా చచ్చేవాడు. అసలు యుద్ధంలో ఒక చెవి వినికిడి పోగొట్టుకుని వచ్చిన హాజీకి తల కొట్టేసినట్టుండేది. "శత్రువింట్లో నేను చెయ్యి కడగను" అని ఒట్టు పెట్టుకున్నాడు. సుదాబే ఏడ్చి మొత్తుకున్నా కరగలేదు.

"ఈసారి మన వైపే కదా?" కారెక్కుతూ మళ్ళీ అడిగాడు హాజీ.

"మన వైపే మామయ్యా. ఒక డైలాగు కూడా ఉంది."

"చస్తావా?"

"ఈసారి చావను."

"చచ్చినా ఫరవాలేదులే, మన వైపైతే."

డైరెక్టర్ కాష్ఫీ హాజీ మొహం చూడగానే మురిసిపోయాడు. నిజంగా యుద్ధం చూసిన మొహం ఊరికే దొరికితే ఎవరు వదులుకుంటారు? అప్పటికప్పుడు ఆయనకూ యూనిఫారం తొడిగించి, అల్లుడి పక్కనే కందకంలో నిలబెట్టాడు. తీయాల్సిన దృశ్యం తేలికైనదే. కాష్ఫీ కేక వేయగానే అందరూ కందకం ఇరుకు ద్వారంలోంచి ఒక్కొక్కరే బయటపడి మైదానంలో పరుగెత్తాలి. కేక వేశాక పది లెక్కపెట్టి, అవతలి దిబ్బను పేల్చేస్తారు. మందుగుండు ఒక్కసారికి సరిపడానే ఉంది.

కాష్ఫీ కేక వేశాడు. ద్వారం దగ్గర సియామక్ ఆగిపోయాడు. పెద్దవాళ్ళకంటే ముందు గుమ్మం దాటిన మనిషి వాళ్ళ వంశంలోనే లేడు.

"మీరు ముందు, మామయ్యా."

"అల్లుడివి నువ్వుండగా నేనా? నడు, నడు."

"మీ ముందు నేనెంతవాణ్ణి? మీరే."

"నా మీద ఒట్టు, నువ్వే."

వెనకున్న పాతికమందికీ వాళ్ళను తోసుకుపోవడం మర్యాద అనిపించలేదు. పైగా వాళ్ళలో వాళ్ళకూ మొదలైంది, తమరంటే తమరని. ఇంతలో దిబ్బ పేలింది. పురుగైనా లేని మైదానంలో, రెండు కెమెరాల ముందు, చాలా అందంగా పేలింది.

కాష్ఫీ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "నిజం యుద్ధంలో కూడా ఇలాగే వెళ్ళేవారా హాజీగారూ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఇలాగే వెళ్ళేవాళ్ళం. అందుకేగా ఎనిమిదేళ్ళు పట్టింది," అన్నాడు హాజీ.

గోరుచుట్టుపై రోకలిపోటులా, ఆ చప్పుడు విన్న ఇరాకీ వేషగాళ్ళంతా పని అయిపోయిందనుకున్నారు. బస్సెక్కి భోజనానికి ఊళ్ళోకి వెళ్ళిపోయారు. సైన్యం వాళ్ళు ఇచ్చిన ట్యాంకు మధ్యాహ్నం దాకానే ఉంటుంది. ఇక తీయగలిగిన దృశ్యం ఒక్కటే, ట్యాంకు ముందు శత్రువులు కూలిపోయేది. దానికి శత్రువులు కావాలి. కాష్ఫీ కందకంలోని వాళ్ళ వైపు చూశాడు.

సియామక్ గుండె మీద చెయ్యి పెట్టుకుని బతిమాలాడు. "నన్ను మాత్రం వదిలెయ్యండి. నా కాపురంలో ప్రశాంతత దీని మీదే ఉంది."

"మీ మామా అల్లుళ్ళే కదయ్యా నన్ను ముంచింది. ముందు మీరిద్దరే తొడుక్కోండి."

తప్పు తనదైనప్పుడు వాదించే మనిషి కాదు హాజీ. ఇరాకీ చొక్కా తొడుక్కున్నాడు. సియామక్‌కు ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది. చేపల పులుసు మీద ఆశ అక్కడే వదిలేసుకున్నాడు.

తుపాకులు మోగాయి. అందరూ పడిపోయారు, ఈ ఇద్దరు తప్ప.

"పడండి మామయ్యా," గొణిగాడు సియామక్.

"నువ్వు పడు ముందు. నీకు అలవాటేగా."

"మీరు నిలబడి ఉండగా నేను పడుకుంటే ఏం బాగుంటుంది?"

చివరికి హాజీయే పడ్డాడు. ఆయన వెనకే సియామక్ పడ్డాడు. కట్ చెప్పాక అందరూ లేచి దుమ్ము దులుపుకున్నా హాజీ లేవలేదు. సియామక్ కంగారుగా మీదికి వంగాడు. ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఈ చొక్కా ఎంత ఉక్కగా ఉందిరా."

"తీసేద్దాం, లేవండి."

"వాళ్ళకీ ఇలాగే ఉక్క పోసి ఉంటుంది. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తోచలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి సియామక్ పక్కనే కూర్చున్నాడు. మూడేళ్ళుగా ఈ ముసలాయన మీద దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. చెయ్యి అందించి లేపాడు.

తిరుగు దారిలో, అడగకుండానే కారును మామగారి వీధి వైపు తిప్పాడు.

"ఎక్కడికి?" అన్నాడు హాజీ.

"మిమ్మల్ని దింపడానికి."

"మీ ఇంటికే పోనివ్వు. శత్రువింట్లో తిననని ఒట్టు పెట్టుకున్నది మన సైనికుడు. నేను ఇవాళ ఇరాకీగా చచ్చాను. ఆ ఒట్టు నాకెలా తగులుతుంది?"

తలుపు తీసిన సుదాబే తండ్రిని చూసి, చేతిలో గరిటెతోనే ఏడ్చేసింది. పులుసు వాసన వీధి దాకా వస్తోంది.

"పద," అన్నాడు హాజీ అల్లుడితో.

"మీరు ముందు, మామయ్యా."

సుదాబే పులుసును మళ్ళీ వేడి చేయాల్సి వచ్చింది.