ఒకే జత తొడుగు

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళే రోడ్డు పక్కనున్న సమరస వృద్ధాశ్రమంలో అంటువ్యాధుల నివారణ సంపూర్ణ విజయం సాధించిందని 2004లో నిర్వాహక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సభ్యులు ఏడుగురు, ఏడుగురూ మంచం దిగలేని పెద్ద రైతులు. చేతులెత్తి ఆమోదించడానికి కాస్త ఆలస్యమైంది. ఆ చేతులు గోక్కునే పనిలో ఉన్నాయి మరి.

వాళ్ళకి ఒళ్ళు తుడిచి, పక్కగుడ్డలు మార్చేది గురువమ్మాళ్. పదిహేనేళ్ళు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేసిన మనిషి. అగ్గిమందు అంటిన చేత్తో అన్నం ముట్టకూడదని, మోచేతిదాకా సబ్బుతో కడుక్కోవడం అక్కడే అలవాటైంది. అలాంటామెకి శాస్త్రం నేర్పడానికి విరుదునగర్ నుంచి నర్సు కార్తీశ్వరి వచ్చింది. పెట్టెడు రబ్బరు చేతి తొడుగులిచ్చి, "మనిషికొక కొత్త జత తొడగాల, తీసి పారెయ్యాల, చెయ్యి కడగాల" అని చెప్పి బస్సెక్కింది.

తొడుగులు చూడగానే సంఘం అధ్యక్షులు తిరుపతిసామి గారి కళ్ళు చెమర్చాయి. "వీళ్ళ చెయ్యి మనకి తగలకూడదని మా తాత ఆ కాలమే చెప్పె. ఇంగ్లీషు వైద్యానికి ఇప్పుడు గదా బుద్ధి వచ్చె!" అని మంచం మీదనుంచే ఉపన్యసించారు. నియమాలు అక్కడికక్కడే ఖరారయ్యాయి. పెద్దల్ని తాకేటప్పుడు తొడుగు తప్పనిసరి. వాడేది ఒక్కటే జత. పెట్టె మాత్రం తనిఖీకి వచ్చేవాళ్ళ కంటపడేలా అద్దాల బీరువాలో నిండుగా ఉండాలి.

ఎనిమిదో మంచం మూక్కన్‌ది. పుదూరులో తిరుపతిసామి గారి నల్లరేగడిని నలభై ఏళ్ళు దున్నినవాడు. అందరినీ చేర్చుకోవాలని విరాళదాతలు పట్టుబట్టడంతో మరుగుదొడ్డి పక్కన చోటు దొరికింది. అతన్ని తాకడానికి తొడుగు అక్కర్లేదన్నారు, అతనిదీ గురువమ్మాళ్‌దీ ఊరవతల ఒకే వీధి కాబట్టి.

గురువమ్మాళ్ ఆజ్ఞ జవదాటలేదు. ఆ జతతోనే ఏడుగురినీ తుడిచేది, దాన్ని మేకుకి తగిలించేది, సబ్బుతో చేతులు కడుక్కుని మూక్కన్ దగ్గరికి వెళ్ళేది. అధ్యక్షుల వేళ్ళ సందున పుట్టిన గజ్జి రెండు నెలల్లో ఏడు మంచాలకీ పాకింది. మూక్కన్ ఒళ్ళు మాత్రం నున్నగా ఉంది.

అందరికీ వచ్చి ఒక్కడికి రాలేదంటే పంచిపెట్టింది వాడేనని సంఘం శాస్త్రీయంగా తేల్చింది. శుక్రవారానికల్లా మంచం ఖాళీ చెయ్యమంది. మూక్కన్‌కి వెళ్ళడానికి దిక్కులేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురువమ్మాళ్ అధ్యక్షుల మంచం ముందుకొచ్చి నిలబడింది.

"సామీ, గజ్జిని మోసింది ఇది" అని మేకు మీది తొడుగు చూపించింది. "పెట్టె తెరిచి మనిషికొక జత ఇయ్యండి. లేదంటే మూక్కన్ తాతని తాకినట్టే కడిగిన చేత్తో మీకూ మందు పూస్తా. తగ్గిపోతాది."

పెట్టె తెరిస్తే తనిఖీనాడు వెలితి కనిపిస్తుంది. ఇక మిగిలింది కడిగిన చెయ్యి. ఏడుగురు పెద్దలూ ఆ చేతిని చూశారు, తమ గజ్జిని చూసుకున్నారు, మళ్ళీ ఆ చేతిని చూశారు. గజ్జికే ఓటు వేశారు.

"సరే సామీ. తాత పోతే నేనూ పోతా. రేపటినించి ఒకర్నొకరు తుడుచుకోండి."

ఒక్క క్షణం గోకుడు కూడా ఆగింది. మానవతా దృక్పథంతో మూక్కన్‌ని ఉండనివ్వాలనీ, తొడుగు కొనసాగాలనీ, నివారణ విజయవంతమైందనీ, గోక్కోవడం సభ్యుల సొంత వ్యవహారమనీ తీర్మానమైంది. మొదట చెప్పిన ఏకగ్రీవ తీర్మానం ఇదే.

మీరు నవ్వుకుంటున్నారు, సంతోషం. మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి టీ పోసే గ్లాసు ఏ మూల విడిగా బోర్లించి ఉందో ఒకసారి చూసి రండి. అందాకా ఆగుతాం.